నారాయణపేట నుంచి కృష్ణ ఒడ్డుదాకా: ఊపిరి ముచ్చట

తెలంగాణలో దక్షిణపు కొసన, కర్ణాటక సరిహద్దును ఆనుకొని నారాయణపేట ఉన్నది. చాలాకాలం ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక పట్టణంగా ఉండేది. 2019 ఫిబ్రవరి 17 నుంచి ఇదే ఒక జిల్లాకు ముఖ్యపట్టణం అయినది. ఇక్కడి బజారులో పది నిమిషాలు నిలబడితే తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినబడతాయి. ఒకే మనిషి కొట్టువాడితో కన్నడంలో బేరమాడి, పక్కకు తిరిగి కొడుకును తెలుగులో పిలుస్తాడు. ఇక్కడివారికి అదొక వింత కాదు.

మహబూబ్‌నగరం నుంచి దేవరకద్ర, మరికల్, ధన్వాడ మీదుగా వెళితే నారాయణపేట సుమారు అరవై కిలోమీటర్లు. దారిపొడుగునా గుండ్రాళ్ళ గుట్టలు, వాటి నడుమ సీతాఫలం పొదలు, అక్కడక్కడ తాటిచెట్లు. ఎర్రనేల ఉన్నచోట వేరుశనగ, నల్లనేల వచ్చినచోట జొన్న, కంది, పత్తి. మా మనవడూ, మనవరాలూ నాతో బయలుదేరినది శివరాత్రి వెళ్ళిన వారానికి. శివరాత్రికి చలి "శివ శివా" అంటూ వెళ్ళిపోతుందని మన పెద్దలంటారు గదా. నిజంగానే ఆ రోజు పది గంటలకే ఎండ చురుక్కుమంటున్నది.

నారాయణపేట పేరు చెప్పగానే మన అమ్మలకూ, అమ్మమ్మలకూ చీరలు గుర్తుకు వస్తాయి. గళ్ళ చీర, దానికి గుడి గోపురాల అంచు, నిండైన కొంగు. ఈ చీరలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. అంటే వేరేచోట నేసిన చీరను నారాయణపేట చీర అని చెప్పి అమ్మరాదన్నమాట. శివాజీ దండు ఈ దారిన వెళ్ళినప్పుడు కొందరు నేతగాళ్ళు ఇక్కడే ఆగిపోయారనీ, ఆ నేత వారితోనే మొదలైనదనీ ఊళ్ళో చెప్పుకుంటారు.

నాడె – రాట్నం

ఒక నేతగాడి ఇంట గుంటమగ్గం చూడటానికి వెళ్ళాము. ఆయన గుంటలో కాళ్ళు పెట్టి కూర్చొని, తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేస్తున్నాడు. ఇక్కడి మగ్గాలలో ఒక విశేషమున్నది. ఎనిమిది చీరలకు సరిపడే పడుగు ఒకేసారి ఎక్కిస్తారు. ఆ పడుగు దారాల నడుమ నాడె ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పరుగులు తీస్తుంటుంది. పోయిన దారినే తిరిగి వస్తుంది. వసారాలో ఆయన భార్య రాట్నం దగ్గర కూర్చొని చిలప నుంచి కండెలకు నూలు చుడుతున్నది. ఆ దారం మాత్రం వెనక్కు రాదు. ఎప్పుడూ చిలప నుంచి కండెవైపే పోతుంది.

పిల్లలూ, ఈ రెండింటినీ గుర్తుంచుకోండి. నాడె నడక ఒకటి, రాట్నం మీద దారం నడక ఒకటి. ముందు ముందు వీటితో మనకు పని ఉన్నది.

ఇంటి ముందు వేపచెట్టు నీడలో ఒక కుక్క నాలుక బయటపెట్టి రొప్పుతూ పడుకున్నది. దానికి నాలుగడుగుల దూరంలో ఒక కోడిపెట్ట రెక్కలు కాస్త ఎడంగా పెట్టుకొని, ముక్కు తెరిచి, అది కూడా రొప్పుతున్నది. మా మనవరాలు రెండింటినీ మార్చి మార్చి చూచి, "తాతా, కోడి కూడ కుక్కలాగానే ఊపిరి తీస్తదా?" అని అడిగింది.

"కండ్లకు రెండూ ఒకటేలాగ కనపడుతున్నాయి. కాని లోపల జరిగేది మాత్రం వేరు, బిడ్డా," అన్నాను.

"ఎట్లా వేరు?" అన్నాడు మనవడు. దానికి జవాబు ఆ రోజంతా దారిపొడుగునా చెప్పవలసి వచ్చినది.

తిత్తి అనే మాట

ఊపిరితిత్తులు అంటాము గదా. ఆ మాటలోనే సగం పాఠం ఉన్నది. తిత్తి అంటే తోలుసంచి. కమ్మరి కొలిమి దగ్గర నిప్పు రాజేయటానికి వాడే తోలుసంచిని కొలిమి తిత్తి అంటారు. తిత్తిని విప్పితే గాలి లోపలికి పోతుంది. నొక్కితే బయటికి వస్తుంది. మన రొమ్ములో ఉన్నవీ అటువంటి తిత్తులే అని మన పూర్వులు ఆ పేరు పెట్టారు.

మనిషి, కుక్క, మేక, ఎలుక, ఏనుగు, ఇవన్నీ పిల్లలకు పాలిచ్చే జంతువులు. వీటిని క్షీరదాలు అంటారు. క్షీరదాలన్నింటికీ రొమ్ముకూ పొట్టకూ నడుమ ఒక కండరపు పొర అడ్డంగా, గొడుగులాగా వంగి ఉంటుంది. దాని పేరు విభాజక పటలం. అది బిగుసుకొని కిందికి దిగినప్పుడు, పక్కటెముకలు పైకి లేచినప్పుడు, రొమ్ము లోపలి జాగా పెరుగుతుంది. అప్పుడు గాలి లోపలికి వస్తుంది. పటలం వదులై పైకి లేచినప్పుడు గాలి బయటికి పోతుంది. పొట్టమీద చెయ్యి పెట్టుకొని నెమ్మదిగా ఊపిరి తీయండి. చెయ్యి పైకి లేవటం మీకే తెలుస్తుంది.

లోపలికి వచ్చిన గాలి వాయునాళంలో పడి, అది రెండుగా, నాలుగుగా, చెట్టుకొమ్మలలాగా చీలినచోటల్లా తానూ చీలిపోయి, చివరకు సన్నని బుడగలలోకి చేరుతుంది. వీటిని వాయుగోణులు అంటారు. మనిషి ఊపిరితిత్తులలో ఇవి ముప్పై కోట్ల నుంచి యాభై కోట్లదాకా ఉంటాయి. వాటి గోడలన్నిటినీ విప్పి పరిస్తే పెద్ద తరగతిగది నేలంత జాగా వస్తుంది. ఆ గోడలు చాలా పలుచన. వాటి వెనుక నెత్తురు ప్రవహిస్తుంటుంది. గాలిలోని ప్రాణవాయువు నెత్తురులోకి పోతుంది. నెత్తురులోని బొగ్గుపులుసు వాయువు గాలిలోకి వస్తుంది. ఆ గాలి వచ్చిన దారినే వెనక్కు పోతుంది.

అంటే మన ఊపిరి నాడె వంటిది. ఒకే దారిలో వస్తుంది, అదే దారిలో పోతుంది. ఇందులో ఒక చిక్కున్నది. మనం ఊరికే కూర్చున్నప్పుడు ఒక్కొక్క ఊపిరికి సుమారు అర లీటరు గాలి తీస్తాము. అందులో మూడో వంతు దాకా వాయునాళంలోనూ, గొట్టాలలోనూ ఆగిపోతుంది, బుడగలదాకా చేరదు. పైగా ఎంత విడిచినా తిత్తులు పూర్తిగా ఖాళీ కావు. మామూలుగా ఊపిరి విడిచిన తరువాత కూడా పెద్దవారి రొమ్ములో రెండు లీటర్లకు పైగా పాత గాలి మిగిలే ఉంటుంది. కొత్తగా వచ్చిన గాలి ఆ పాతగాలితో కలిసిపోవలసినదే. అడుగున పాతనీరున్న కుండలో కొత్తనీరు పోసినట్టు.

పక్షి లోపలి ఏర్పాటు

ఇక కోడి సంగతి చూడండి. దానికి మనకున్నట్టి విభాజక పటలం లేదు. దాని ఊపిరితిత్తులు చిన్నవి, గట్టివి. వీపు లోపలివైపు పక్కటెముకలకు అంటుకొని ఉంటాయి. అవి మన తిత్తులలాగా ఉబ్బవు, ముడుచుకోవు. మాంసం కొట్టులో కోడిని కోసేటప్పుడు చూడండి. వీపు ఎముకల సందులలో ఎర్రగా, మెత్తగా ఇరుక్కొని కనబడేవి అవే.

ఉబ్బనివాటితో గాలి తీయటం ఎట్లా? అందుకు పక్షికి వేరే సంచులున్నాయి. సాధారణంగా తొమ్మిది. మెడ దగ్గర, రొమ్ములో, పొట్టలో, పేగుల నడుమ, పలుచని సబ్బుబుడగల వంటి గాలిసంచులు. కొన్ని సంచుల కొసలు ఎముకల లోపలికి కూడా పోతాయి. పక్షి రొమ్ము ఎముకను కిందికీ పైకీ ఆడిస్తుంటే ఈ సంచులు తిత్తులలాగా పనిచేస్తాయి. గాలిని ఆడించే పని సంచులది, ప్రాణవాయువును అందుకునే పని ఊపిరితిత్తులది. మనలో రెండు పనులూ ఒక్కటే చేస్తుంది. పక్షిలో పని పంచుకున్నారు.

ఇప్పుడు ఒక్క గుక్కెడు గాలి వెంట మనం పోయి చూద్దాము. దీన్ని కొంచెం నిదానంగా చదవండి.

పక్షి మొదటిసారి గాలి పీల్చినప్పుడు ఆ గాలిలో ఎక్కువ భాగం ఊపిరితిత్తులను దాటి వెనుక సంచులలోకి పోతుంది. పక్షి ఊపిరి విడిచినప్పుడు ఆ గాలి బయటికి రాదు. వెనుక సంచులనుంచి ఊపిరితిత్తులలోకి వస్తుంది. అక్కడ సన్నని గొట్టాలగుండా పోతూ నెత్తురుకు ప్రాణవాయువు ఇస్తుంది. రెండవసారి పీల్చినప్పుడు అదే గాలి ఊపిరితిత్తులనుంచి ముందు సంచులలోకి పోతుంది. రెండవసారి విడిచినప్పుడు ముందు సంచులనుంచి బయటికి వస్తుంది. ఒక గుక్కెడు గాలి లోపలికి వచ్చి బయటికి పోవటానికి రెండు పీల్పులు, రెండు విడుపులు కావాలన్నమాట.

మీరొకటి గమనించారా? పక్షి పీల్చేటప్పుడూ, విడిచేటప్పుడూ కూడా ఊపిరితిత్తులలో గాలి వెనుకనుంచి ముందుకే పోతున్నది. ఎన్నడూ వెనక్కు తిరగదు. రాట్నం మీద దారంలాగా. పాత గాలి కుండ అడుగున మిగిలిపోవటం లేదు, కొత్త గాలి వరుసగా వస్తూనే ఉన్నది.

కొలిమి దగ్గర రెండు తిత్తులు పెట్టుకొని ఒకటి తరువాత ఒకటి నొక్కే కమ్మరులు ఉండేవారు. ఒక తిత్తి అయితే నిప్పు మండి తగ్గి, మండి తగ్గి ఉంటుంది. రెండయితే గాలి ఆగదు, నిప్పు సమంగా మండుతుంది. ఎగిరే పక్షి ఒంట్లో రగిలే నిప్పుకు కూడా అటువంటి ఆగని గాలే కావాలి.

దీన్ని ఎట్లా కనిపెట్టారు?

ఇంగ్లండులో జాన్ హంటర్ అనే శస్త్రవైద్యుడు 18వ శతాబ్దంలోనే ఒక వింత గమనించాడు. పక్షి వాయునాళాన్ని మూసివేసినా, రెక్క ఎముకలో రంధ్రముంటే అది ఆ ఎముక ద్వారా గాలి తీసుకోగలిగినది. ఎముక లోపలి బోలుకూ గాలిసంచులకూ దారి ఉన్నదని అట్లా తేలినది.

కాని గాలి ఏ సంచిలోనుంచి ఏ సంచిలోకి పోతుందో తెలియటానికి మరి రెండువందల ఏండ్లు పట్టినది. నార్వేలో పుట్టి అమెరికాలో పనిచేసిన క్నూట్ ష్మిట్ నీల్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఉష్ట్రపక్షిని తీసుకున్నాడు. అది పెద్ద పక్షి. ఊరికే ఉన్నప్పుడు నిమిషానికి ఆరుసార్లు మాత్రమే ఊపిరి తీస్తుంది. కాబట్టి నిదానంగా కొలవవచ్చు. దానికి ఒక్క గుక్కెడు శుద్ధమైన ప్రాణవాయువు పీల్పించి, ఏ సంచిలో ఎప్పుడు ప్రాణవాయువు పెరుగుతుందో కొలిచాడు. వెనుక సంచులలో వెంటనే పెరిగినది. ముందు సంచులలో రెండవ ఊపిరికి గాని పెరగలేదు. గాలి ముందు వెనక్కు పోయి, అక్కడినుంచి ఊపిరితిత్తుల మీదుగా ముందుకు వస్తున్నదని దీనివల్ల తెలిసినది. చిన్న ప్రయోగమే, కాని ప్రశ్న సరిగ్గా అడిగాడు.

ఎండ – కోడి

మళ్ళీ మన వేపచెట్టు కిందికి వద్దాము. కుక్కా కోడీ ఎందుకు రొప్పుతున్నాయి? వాటికి గాలి చాలక కాదు. ఒళ్ళు చల్లబరచుకోవటానికి. మనకు ఒళ్ళంతా చెమట పోస్తుంది. అది ఆరినప్పుడు ఒంటివేడి తగ్గుతుంది. కుక్కకు అరికాళ్ళలో తప్ప అటువంటి చెమట లేదు. కోడికి అసలే లేదు. అందువల్ల నోటిలోని, గొంతులోని తడిమీద గాలి ఆడించి ఆ తడిని ఆరబెట్టుకుంటాయి. కుక్క నిమిషానికి మూడువందలసార్లకు పైగా రొప్పగలదు. మామూలుగా నిమిషానికి ఇరవై ముప్పైసార్లు ఊపిరి తీసే కోడి, ఎండదెబ్బకు నూటయాభై దాటుతుంది.

ఇందులో కోడికి ఒక నష్టమున్నది. అంత వేగంగా గాలి ఆడిస్తే నెత్తురులోని బొగ్గుపులుసు వాయువు మితిమీరి బయటికి పోతుంది. మీరు దాన్ని చెడుగాలి అనుకుంటారు. కాని గుడ్డుపెంకు తయారు కావటానికి నెత్తురులో అది తగినంత ఉండాలి. అందుకే నడి వేసవిలో గుడ్లపెంకులు పలుచబడి, పట్టుకుంటే చిట్లుతుంటాయి. పాత మహబూబ్‌నగర్ జిల్లా అంతటా కోళ్ళ షెడ్లు చాలా ఉన్నాయి. మే నెలలో గాలి కదలని మధ్యాహ్నం ఒక్క పూటలో వందలకొద్దీ కోళ్ళు చనిపోయి, ఏడాది కష్టం పోయినవాళ్ళున్నారు. షెడ్డుకు తడిగోనెలు కట్టటం, కప్పుమీద నీళ్ళు చల్లటం, పంకాలు తిప్పటం ఇవన్నీ ఆ ఊపిరికి సాయం చెయ్యటానికే. మీ ఇంట్లో నాలుగు కోళ్ళే ఉన్నా సరే, ఎండాకాలం నీడన మట్టిచిప్పలో చల్లని నీళ్ళు పెట్టండి. మధ్యాహ్నం వాటిని తరమకండి.

కృష్ణ ఒడ్డున

మధ్యాహ్నం భోజనం చేసి మక్తల్ మీదుగా కృష్ణ వైపు బయలుదేరాము. కృష్ణానది మహారాష్ట్రలో మహాబలేశ్వరం దగ్గర పుట్టి, కర్ణాటకం దాటి, నారాయణపేట జిల్లాలో తంగిడి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. భీమానది అక్కడే వచ్చి కలుస్తుంది. కొద్దిదూరంలో కృష్ణ అనే పేరుతోనే ఒక రైలుస్టేషను ఉన్నది. బొంబాయి, మద్రాసుల నడుమ నడిచే పాత రైలుదారి అక్కడ నదిని దాటుతుంది.

నది ఒడ్డునే ముడుమాల అనే ఊరున్నది. ఊరి పక్క చేలల్లో పది పన్నెండు అడుగులు, ఇంకా ఎత్తు కూడా ఉన్న బండరాళ్ళు నిలువునా పాతి ఉన్నాయి. మూడు వేల ఏండ్లకు పూర్వమే మనుషులు వాటిని అక్కడ నిలిపారు. ఊరివాళ్ళు నిలురాళ్ళ తిమ్మప్ప అని మొక్కుతారు. 2025లో ఈ రాళ్ళు ప్రపంచ వారసత్వ స్థలాలకోసం మన దేశం ఇచ్చే ముందు జాబితాలోకి ఎక్కినవి.

మేము ఆ రాళ్ళ నడుమ తిరుగుతుండగా మనవడు నా చెయ్యి పట్టుకొని ఆపాడు. దూరాన కోసిన జొన్నచేలో ఇరవై దాకా జింకలు నిలబడి మావైపే చూస్తున్నవి. ఒకటి నల్లగా, పొట్ట తెల్లగా, మెలితిరిగిన పొడుగు కొమ్ములతో ఉన్నది. అదే కృష్ణజింక. మగదాన్ని ఇర్రి అంటారు. మిగిలినవి లేత గోధుమరంగు ఆడజింకలు. మేము ఒక్క అడుగు వేశామో లేదో, మొదటిది గాలిలోకి ఎగిరినది. ఆ వెనుక అన్నీ ఎగిరాయి. కండ్లు మూసి తెరిచేలోగా చెలకకు అవతల ఉన్నాయి.

కృష్ణజింక గంటకు ఎనభై కిలోమీటర్లదాకా పరుగెత్తగలదంటారు. అంత పరుగుకు ఊపిరి ఎట్లా చాలుతుంది? గుర్రాలమీద పరీక్షలు చేసి శాస్త్రజ్ఞులు ఒక సంగతి తెలుసుకున్నారు. దౌడు తీసేటప్పుడు ఒక్క అంగకు ఒక్క ఊపిరి. ముందుకాళ్ళు నేలకు తగిలినప్పుడు కడుపులోని బరువంతా ముందుకు జారి విభాజక పటలాన్ని నెడుతుంది. గాలి బయటికి పోతుంది. ఒళ్ళు సాగి ముందుకు దూకినప్పుడు ఆ బరువు వెనక్కు జారుతుంది. గాలి లోపలికి వస్తుంది. కాళ్ళే తిత్తిని తొక్కుతున్నాయన్నమాట. నేతగాడు తొక్కుడు చెక్క తొక్కినట్టు.

గొర్రె, మేక, జింక జాతులలో మరొక వింత ఏర్పాటు కూడా ఉన్నది. ముక్కులో ఊపిరి తగిలి చల్లబడిన నెత్తురు, మెదడుకు పోయే నెత్తురునాళాల పక్కగా పోయి వాటి వేడి తగ్గిస్తుంది. ఒళ్ళు కాగిపోతున్నా మెదడు కొంత చల్లగా ఉంటుంది. కాని దీనికీ ఒక హద్దున్నది. ఆ హద్దు ఏమిటో అక్కడ గొర్రెలు కాసే పెద్దమనిషి మాకు చెప్పాడు.

"మొన్న చలికాలంల ఒక పిల్లజింకను కుక్కలు తరిమినయి సారూ. నేను కట్టె పట్టుకొని ఉరికి కుక్కలను ఎల్లగొట్టిన. దాని ఒంటి మీద పన్ను గూడ దిగలే. నిలబడ్డది, వణికింది, పడిపోయింది. పొద్దూకేసరికి సచ్చిపోయింది. గాయం లేకుండ ఎట్ల సచ్చిపోతది సారూ?"

కాళ్ళు అడిగినంత ప్రాణవాయువును ఊపిరి అందించలేకపోయినప్పుడు కండరాలలో పులుపు చేరుతుంది, ఒంటివేడి విపరీతంగా పెరుగుతుంది. మామూలు పరుగులో జింక కొంతదూరం పోయి ఆగి, ఊపిరి తిప్పుకొని ఆ లోటు తీర్చుకుంటుంది. తప్పించుకునే దారిలేక, భయంతో, విడవకుండా పరుగెత్తితే లోటు తీరదు. కండరాలే చెడిపోతాయి. తరమటం ఆగిన తరువాత కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో జింక చనిపోవచ్చు. పట్టుకొని కాళ్ళు కట్టినా ఇదే జరుగుతుంది. ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన కొంచెంసేపు ఊరుకున్నాడు.

తరువాత ఆయన ఇంకొక మాట అన్నాడు. "అది పాపమే సారూ. కని మా పాపం గూడ చూడాలె. వానకాలంల పత్తి రెండాకులు ఏసిందంటే చాలు, ఒక్క రాత్రిల సాలుకు సాలు మేసిపోతయి. మళ్ళ ఇత్తనం కొనాలె. కొట్టొద్దంటరు. తరమొద్దంటరు. మరి మేమేం తినాలె?"

ఆయన చెప్పినదీ నిజమే. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం కృష్ణజింకను చంపటం, పట్టటం పెద్ద నేరం. ఆ రక్షణవల్లనే ఈ నదీతీరంలో మందలు పెరిగాయి. పెరిగిన మందలు మేసేది మాత్రం చిన్నరైతుల చేలు. జింకలను ఒకచోట చేర్చి కాపాడే కేంద్రం ఏర్పాటు చేయాలని ఇక్కడ ప్రయత్నాలు సాగాయి. అయితే అవి మేకలు కావు, తోలుకుపోవటానికి. నిదానంగా, చల్లని పూట, భయపెట్టకుండా మళ్ళించాలి. జింక ఊపిరి సంగతి తెలిసినవారికే ఆ పని అప్పగించాలి. రైతు పైరు నష్టానికి వేళకు డబ్బు కూడా అందాలి. రెండింటిలో ఒకటి వదిలితే రెండవది నిలవదు.

పిల్లజింక ఎక్కడైనా ఒంటరిగా కనబడితే మీరు దాన్ని ఎత్తుకోకండి, వెంటబడకండి. తల్లి దాన్ని గడ్డిలో దాచి మేతకు పోయి ఉంటుంది.

హిమాలయాల మీదుగా

సాయంత్రం నది ఒడ్డున బండమీద కూర్చున్నాము. ఒక నీటికాకి బుడుంగున మునిగినది. మనవడు వేళ్ళు మడుస్తూ ఇరవైదాకా లెక్కపెట్టేసరికి వేరేచోట తేలినది. మనవరాలు, "తాతా, కోడి ఊపిరి మన ఊపిరికంటే మంచిదంటివి గదా. మరి కోడి ఎగరనే ఎగరదు. ఎవరికి పనికొస్తది ఆ ఊపిరి?" అన్నది. మంచి ప్రశ్న.

తలమీద రెండు నల్లచారలుండే ఒక రకం బాతు ఉన్నది. ఇంగ్లీషులో బార్ హెడెడ్ గూస్ అంటారు. వేసవిలో మంగోలియాలోనూ, టిబెట్టులోనూ పిల్లలు చేస్తుంది. చలికాలానికి హిమాలయాలు దాటి మన దక్కనుకు వస్తుంది. మనకు పొరుగున కర్ణాటకలో గదగ్ జిల్లా మాగడి చెరువుకు ఇవి ప్రతి ఏటా వేలకొద్దీ వస్తాయి. శాస్త్రజ్ఞులు ఈ బాతులకు చిన్న యంత్రాలు కట్టి చూస్తే, ఒకటి 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు తెలిసినది. ఆ ఎత్తున ఒక్కొక్క ఊపిరికి దొరికే ప్రాణవాయువు సముద్రతీరంలో దొరికేదానిలో సగం కూడా ఉండదు. మనుషులలో ఎవరెస్టు ఎక్కేవాళ్ళు చాలామంది ప్రాణవాయువు సీసాలు వీపున మోసుకుపోతారు. 1953లో టెన్సింగూ, హిల్లరీ కూడా అట్లాగే ఎక్కారు. మన తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కినది. ఆ ఎత్తున ఒక్కొక్క అడుగుకు ఎంత ఊపిరి కావాలో ఎక్కినవాళ్ళకే తెలుసు. బాతు రెక్కలాడిస్తూ పోతుంది. ఆగని గాలి ఇచ్చే ఊపిరితిత్తులు, ప్రాణవాయువును గట్టిగా పట్టుకునే నెత్తురు దానికున్నాయి.

అమెరికాలో టక్కర్ అనే శాస్త్రజ్ఞుడు 1960ల చివర పిచ్చుకలనూ, ఎలుకలనూ ఒక గదిలో పెట్టి, 6,100 మీటర్ల ఎత్తున గాలి ఎంత పలుచన ఉంటుందో అంత పలుచన చేశాడు. ఎలుకలు పొట్టలమీద పడిపోయి కదలలేకపోయినవి. పిచ్చుకలు ఎగురుతూనే ఉన్నాయి.

మంచి ఊపిరికి ఖరీదు

గాలిని ఎక్కువ పట్టుకునే ఊపిరి, గాలిలోని విషాన్ని కూడా ఎక్కువ పట్టుకుంటుంది. బొగ్గుగనులలో రంగూ వాసనా లేని విషవాయువు ఒకటి పుడుతుంటుంది. దాన్ని కనిపెట్టటానికి చిన్నపిట్టలను తీసుకుపోవచ్చునని ఇంగ్లండులో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పాడు. మనిషికి ఏమీ తెలియకముందే కేనరీ పిట్ట పంజరంలో తూలిపోయేది. గనివాళ్ళు వెంటనే బయటికి పరుగెత్తేవారు. ఆ పిట్టను తిరిగి బ్రతికించటానికి పంజరానికి ప్రాణవాయువు సీసా కూడా కట్టేవారు. 1986 దాకా ఇంగ్లండు గనులలో ఈ పిట్టలు పనిచేసినవి.

ఆ హాల్డేన్ కొడుకే జె. బి. ఎస్. హాల్డేన్. ఆయన 1957లో మన దేశానికి వచ్చి, ఈ దేశ పౌరుడై, 1964లో భువనేశ్వరంలో చనిపోయాడు. తన శరీరాన్ని వైద్యవిద్యార్థుల చదువుకోసం మన కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు ఇమ్మని రాసిపెట్టాడు. అట్లాగే పంపించారు.

కాబట్టి పిల్లలూ, మీ ఇంట చిలుక పంజరమో, కోడిపిల్లల గంపో ఉంటే పొయ్యి పొగ తగిలేచోట పెట్టకండి. పొగ మీ కండ్లకు మంట పుట్టించేసరికి వాటికి ప్రాణంమీదికి వచ్చి ఉంటుంది. పిల్లలున్న గదిలో బీడీ కాల్చే పెద్దవాళ్ళకు కూడా ఈ మాట చెప్పండి. పెద్దవాళ్ళకంటే చిన్నపిల్లలు నిమిషానికి ఎక్కువసార్లు ఊపిరి తీస్తారు. అందుచేత వాళ్ళ లోపలికి పొగ కూడా ఎక్కువే పోతుంది.

మీరు చేసి చూడండి

ఒక కోడిగుడ్డును ఉడకబెట్టి నెమ్మదిగా పెంకు తీయండి. వెడల్పాటి కొస దగ్గర గుడ్డు గుండ్రంగా లేక చిన్న గుంటపడి ఉంటుంది. అది గాలి ఉండే చోటు. గుడ్డుపెంకుకు కంటికి కనిపించని సన్నని రంధ్రాలు వేలకొద్దీ ఉంటాయి. లోపల పెరిగే పిల్లకు ఇరవై రోజులదాకా ఊపిరితిత్తులతో పని లేదు. పెంకు లోపలివైపు పరుచుకున్న నెత్తురునాళాల పొర ద్వారానే దానికి ప్రాణవాయువు అందుతుంది. ఇరవయ్యో రోజు ప్రాంతంలో అది ముక్కుతో లోపలి పొరను పొడిచి, ఆ గాలిగుంటలోకి తల పెట్టి మొదటి ఊపిరి తీస్తుంది. అప్పటినుంచి గాలి వెనుక సంచులలోకి, ఊపిరితిత్తులలోకి, ముందు సంచులలోకి నడవటం మొదలవుతుంది. మరునాడు పెంకు పగులుతుంది.

మీ ఇంట కోడి పొదుగుతున్నట్టయితే రోజులు లెక్కపెట్టుకోండి. ఇరవయ్యో రోజున కోడి మేతకు లేచినప్పుడు, అమ్మను అడిగి, ఒక గుడ్డును చెవి దగ్గర పెట్టుకోండి. ఎక్కువసేపు వద్దు, చల్లబడుతుంది. పెంకు ఇంకా పగలకముందే లోపలినుంచి సన్నగా "కిచ్, కిచ్" మని వినిపిస్తుంది.